తొమ్మిది చేపలు, చిటికెడు మేత

తెనాలి స్టేషను రోడ్డులో పూర్ణచంద్రరావు టిఫిన్ హోటలుంది. ఆ హోటల్లో చేప చచ్చిందంటే ఆ పూట యజమానురాలు దుర్గాదేవి మొహం కళకళలాడిపోతుంది.

క్యాష్ కౌంటరు పక్కన బల్ల మీద అద్దాల తొట్టి. అందులో ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్ల చేప. బాపట్లలో ఆమె చెల్లెలు ఇల్లు కట్టినప్పుడు వాస్తు చూసినాయన చెప్పిన లెక్క అది. ఇంటికీ వ్యాపారానికీ తగిలే దిష్టిని ఆ తొమ్మిదింటిలో ఏదో ఒకటి తన మీదికి లాక్కుంటుందట. దిష్టి మరీ పెద్దదైతే తట్టుకోలేక ప్రాణం వదులుతుందట. దాని స్థానంలో కొత్తది తెచ్చి వేస్తే మళ్ళీ కాపలా మొదలు. తొట్టి పెట్టి ఏడాది కావస్తోంది. వారానికొకటి చొప్పున చేపలు పోతూనే ఉన్నాయి, దుర్గాదేవి గుండె మీద చెయ్యి వేసుకొని నిద్రపోతూనే ఉంది.

ఆ గురువారం కూడా తెల్లటి పొట్ట పైకి తిప్పుకొని ఒకటి తేలింది. ఆమె రెండు చేతులూ జోడించింది.

"పోయింది పీడ. నిన్న కారు దిగి పెసరట్టు తిన్నామె మన హోటలంతా ఎట్టా కలియజూసిందో నేను చూస్తానే ఉన్నా. తిరుపతమ్మా, తీసి అవతల పారెయ్యి."

లక్ష్మీతిరుపతమ్మ చేతిలోని తడిగుడ్డ భుజాన వేసుకొని వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. ఎండకీ ఉప్పుగాలికీ రాటుదేలిన ఒళ్ళు. హోటల్లో ప్లేట్లు కడగడం, బల్లలు తుడవడం ఆమె పని. చచ్చిన చేపల్ని తియ్యడం, వారానికోసారి తొట్టి నీళ్ళు మార్చడం కూడా ఎప్పుడో ఆ పనిలోనే కలిసిపోయాయి. చేపను అరచేతిలోకి తీసుకొని మొప్ప ఎత్తి చూసింది. తర్వాత మోచేతి దాకా చెయ్యి ముంచి, అడుగున రంగురాళ్ళ మధ్య నుంచి పిడికెడు పట్టి పైకి తీసింది. నల్లటి బురద. అందులో ఉబ్బిపోయిన మేత గింజలు, ఇడ్లీ తుంపులు, ఎవరో వేసిన బూందీ పలుకులు రెండు.

"ఇది దిష్టి కాదమ్మగారూ. మేత."

"ఏంటి?"

"మేత ఎక్కువై చచ్చిందంటన్నా. ఈ వాసన చూడండి, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. తినగా మిగిలింది అడుక్కి చేరి మురిగిపోతంది. ఆ విషంలోనే ఇవి ఊపిరి పీల్చుకోవాల. మీరేమో మూడు పూటలా గుప్పిళ్ళతో పోస్తన్నారు. తినడానికొచ్చినోళ్ళు చెయ్యి దులుపుకున్నట్టు ఇడ్లీ ముక్కలేస్తన్నారు."

"మరి ఆకలెయ్యదా వాటికి? నేను అటు పోతే చాలు, నోళ్ళు తెరుచుకొని పైకొస్తాయి పాపం." దుర్గాదేవి కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని రెండడుగులు వెనక్కి వేసింది. "ఇది నలుగురికీ పెట్టే చోటు తిరుపతమ్మా. మనిషి గానీ చేప గానీ మా గుమ్మంలో కడుపు మాడ్చుకోవడం మా ఇంటావంటా లేదు. నువ్వు చేపలు పట్టేవాళ్ళ పిల్లవి. చంపడం తెలుసుగానీ సాకడం నీకేం తెలుసు."

ఆ మాట తిరుపతమ్మకు తగలవలసిన చోటే తగిలింది.

సాకడం తెలియకపోవడమేమిటి. ఆమె రేపల్లెకు దిగువన, సముద్రపు పాయ ఒడ్డున పుట్టింది. తండ్రి వేటకు పోయేవాడు, ఆ మాట నిజమే. కానీ పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు మొగుడు లక్ష్మయ్యతో కలిసి రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో కాపరం చేసింది. మేత చల్లేది లక్ష్మయ్య. ఎంత చల్లాలో చెప్పేది ఆమె. చెరువు నాలుగు మూలలా వల బిగించిన పళ్ళేలను నీళ్ళలోకి దించి ఉంచుతారు, చెక్ ట్రేలంటారు వాటిని. మేత చల్లిన రెండు గంటలకు తాడు పట్టి పైకి లాగి చూడాలి. పళ్ళెం ఊడ్చినట్టుంటే సరే. గింజలు మిగిలితే మరుసటి పూటకు మేత తగ్గించాలి. తడి పళ్ళెం మీద వేలు తిప్పి, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో వెలుతురులో పట్టి చూసి, ఇవాళ్టికి ఇన్ని కిలోలు చాలు అనేది తిరుపతమ్మ. పక్క చెరువుల వాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు.

ఒక ఏడాది చెరువు రైతు, రొయ్య తొందరగా సైజుకు రావాలని మేత రెట్టింపు చేయమన్నాడు. మూడు రోజులు వరసగా పళ్ళేల్లో మేత మిగిలింది. చెప్పాలని ఆమెకు నోటి దాకా వచ్చింది. "ఆయన చెరువు, ఆయన మేత, మనకెందుకే" అన్నాడు లక్ష్మయ్య. ఆమె నోరు మూసుకుంది. నాలుగో రోజు పొద్దున గట్టు పొడుగునా రొయ్యలు తేలిపోయి ఉన్నాయి. రైతు లక్ష్మయ్యను నలుగురిలో నిలబెట్టి, మేత చల్లడం చేతకాక నా పంట చంపావన్నాడు. ఆ మాట చెరుకుపల్లి దాకా పాకింది. ఇక ఏ గట్టు మీదా అతనికి పని దొరకలేదు. ఇద్దరూ తెనాలి చేరుకున్నారు. అతను నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోస్తాడు, చెరువు మాట ఎత్తడు. ఆమెను మాత్రం ఒక్క సంగతి ఇన్నేళ్ళుగా లోపల తొలుస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ తనకు తెలుసు. తెలిసి ఊరుకుంది.

ఈసారి ఊరుకోదల్చుకోలేదు.

మర్నాడు పొద్దున, పోయినదాని స్థానంలో కొత్త చేపను వేశాక, చట్నీ పోసే చిన్న స్టీలు పళ్ళేనికి మూడు పక్కలా దారం కట్టి తొట్టిలోకి దించింది. దుర్గాదేవి వచ్చి ఎప్పటిలాగే గుప్పెడు మేత పోసింది. చేపలు ఎగబడి నాలుగు గుటకలు మింగాయి. మిగిలింది మెల్లగా అడుక్కి దిగింది. అరగంట ఆగి తిరుపతమ్మ దారం పట్టి పైకి లాగి, నీళ్ళు కారుతున్న పళ్ళెంతో సహా పొయ్యి దగ్గరికి పోయింది. పెనం మీద అట్టు తిప్పుతున్న పూర్ణచంద్రరావు ముందు పెట్టింది.

"ఏంటిది?" అన్నాడాయన.

"మీ ఆవిడగారు వడ్డించిందండి. తినకుండా వదిలేశాయి."

"తర్వాత తింటాయిలే" అంది వెనకే వచ్చిన దుర్గాదేవి.

"బాబుగారూ, ఒక్క మాట అడుగుతా. కస్టమరు సగం ఉప్మా ప్లేట్లో వదిలేశాడు. మీరు దాని మీద ఇంకో గరిటె వడ్డిస్తారా?"

పూర్ణచంద్రరావు నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా జనం ఎంగిలి ప్లేట్లు చూసి, ఏ రోజు ఉప్పు తగ్గిందో ఏ రోజు పిండి పులిసిందో కనిపెట్టిన మనిషి. మిగిలిన ప్లేటు ఏం చెబుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పెళ్ళాం వంక ఒకసారి చూసి అట్టు తిప్పుకున్నాడు.

దారి దానంతటదే దొరికింది. బాపట్లలో చెల్లెలి కూతురు ప్రసవించిందని కబురొస్తే, పురిటి పనుల్లో సాయానికి దుర్గాదేవి మూడు వారాలకని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ మేత డబ్బా మొగుడి చేతిలో పెట్టి, మూడు పూటలా వెయ్యాలని వేళ్ళు చూపించి మరీ చెప్పింది. రైలు కదిలిందో లేదో పూర్ణచంద్రరావు ఆ డబ్బా తిరుపతమ్మ ముందు పెట్టాడు.

"నా చేతులు పిండిలో ఉంటాయి. నువ్వే చూసుకో. నీ విద్యేదో ఆవిడొచ్చేలోగా కానియ్యి."

తిరుపతమ్మ డబ్బా బొడ్లో దోపుకుంది.

రోజుకొక్కసారి, పొద్దున పదింటికి, రద్దీ తగ్గాక. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎంత పడితే అంత. నీళ్ళలో పడిన గింజ అడుక్కి చేరకముందే ఖాళీ కావాలి. ఆదివారం అసలు లేదు. చేపలు అద్దానికి మూతులు ఆనించి నోళ్ళు తెరిచి మూసి నానా యాగీ చేశాయి. ఆమె వాటి వంక చూసి, "ఎన్నైనా చెప్పండి" అని ప్లేట్లు కడుక్కోవడానికి పోయేది.

చేపలతో పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా మనుషులతోనే. అంగలకుదురు నుంచి రోజూ సైకిలు మీద వచ్చే పున్నయ్య మాస్టారు రిటైరై పదేళ్ళయింది. రెండిడ్లీ తిని, మూడోదాంట్లో సగం తుంపులు చేసి తొట్టిలో వేయడం ఆయనకు సంధ్యావందనం లాంటిది. ఆ రోజు ఆయన చెయ్యి తొట్టి మీదికి పోయేసరికి అడ్డంగా తిరుపతమ్మ చెయ్యి ఉంది.

"వెయ్యమాకండి మాస్టారూ."

"ఏమ్మా, నా డబ్బులు పెట్టి కొన్న ఇడ్లీ."

"ఇడ్లీ మీదేనండి. నీళ్ళు మీయి కావు."

"ఒక్క ముక్క. అదిగో చూడు, ఎట్టా అడుగుతోందో."

"మీ మనవడు పొద్దుట్నించీ చాక్లెట్ అడుగుతాడు. పెడతన్నారా?"

"పెడతానే ఉన్నా" అన్నాడాయన నిజాయితీగా.

"అందుకే పళ్ళన్నీ పుచ్చిపోయాయని మొన్న మీరే చెప్పారు."

పక్క బల్ల మీద ఇద్దరు నవ్వారు. మాస్టారు చేతిలో తుంపు వంక కాసేపు చూసి, తన నోట్లోనే వేసుకున్నాడు. "తెనాలిలో హోటలు పెట్టి తినబెట్టొద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అని సైకిలెక్కాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. తొట్టి పక్కన కూర్చున్నాడు గానీ చెయ్యి చాచలేదు.

రెండో గురువారం చేపల దుకాణం సాయి కిరణ్ ప్లాస్టిక్ కవర్లో కొత్త చేపను పట్టుకొని అలవాటుగా వచ్చాడు. తొట్టిలో తొమ్మిదీ తిరుగుతున్నాయి. అతను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఏంటి ఆంటీ, ఈ వారం ఏమీ పోలేదా?"

"పోలేదయ్యా. మూడు పూటలా మేతెయ్యమని మా అమ్మగారికి చెప్పింది నువ్వేనా?"

"డబ్బా మీదే రాసుంటది ఆంటీ."

"డబ్బా అమ్మేవాడు తక్కువెయ్యమని ఎందుకు రాస్తాడు? మేత నీదే, చేపా నీదే. మేత ఎంత పోస్తే చేప అంత తొందరగా పోతది. బాగుందయ్యా నీ యాపారం."

అతను తల గోక్కున్నాడు. "నా పొట్ట కొట్టమాకు ఆంటీ."

"నీ పొట్ట సంగతి నువ్వు చూసుకో. నేను వీటి పొట్ట చూస్తన్నా."

అతను చేపను పట్టుకొని ఎలా వచ్చాడో అలా పోయాడు.

మూడు వారాలకు నీళ్ళు ఎంత తేరాయంటే, తొట్టిలో నీళ్ళున్నాయా లేవా అని జనం వంగి చూసేవాళ్ళు. నల్ల చేప తోక కొసలు చినిగి ఉండేవి, అవి మళ్ళీ పూడుకున్నాయి. దుర్గాదేవి బాపట్ల నుంచి దిగి సంచీ కూడా కింద పెట్టకుండా తొట్టి ముందు నిలబడింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"నేను వెళ్ళేనాటివేనా ఇవన్నీ?"

"అవేనండి." తిరుపతమ్మ గొంతులో గర్వం దాచినా దాగలేదు.

"ఒక్కటీ పోలేదా?"

"పోలేదండి."

మెచ్చుకుంటుందనుకుంది. దుర్గాదేవి మొహం వాడిపోయింది. డబ్బా అడగలేదు. చుట్టూ ఒకసారి చూసుకొని, గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ సరిగా ఉందో లేదో చూసి వచ్చింది.

ఆ తర్వాత వరసగా మూడు జరిగాయి. రోడ్డుకు అవతలి పక్క కొత్త టిఫిన్ హోటలు తెరిచారు, రంగు లైట్లతో. పిండి రుబ్బే గ్రైండరు మోటారు కాలిపోయింది. ఆ సోమవారం పూరీలు వేస్తుండగా నూనె చింది పూర్ణచంద్రరావు ముంజెయ్యి బొబ్బలెక్కింది. దుర్గాదేవి చెల్లెలికి ఫోను చేసి ఏకరువు పెడితే, అవతల నుంచి చెల్లెలు ఒకే మాట అడిగింది. మీ తొట్టిలో చేప పోయి ఎన్నాళ్ళయిందక్కా అని.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి, బల్లలన్నీ నిండి ఉన్న వేళ, దుర్గాదేవి కౌంటరు దిగి వచ్చింది.

"ఆ డబ్బా ఇటివ్వు."

"పదింటికి వేస్తానండి నేను."

"నువ్వు వేసేది నాకు తెలుసు. అవి నీరసపడి ఉన్నాయి. దిష్టి లాగే శక్తి వాటికి ఎక్కడేడ్చింది? నెలన్నర అయింది తిరుపతమ్మా, ఒక్కటి పోలేదు. అదంతా ఎటు పోతంది మరి? ఆయన చేతి మీదికొచ్చింది."

"ఆయన చేతి మీదికొచ్చింది నూనెండి. చేతి తడి ఆరకుండా పూరీ మూకుట్లో వేశారు. నేను పక్కనే ఉన్నా."

"అదీ నిజమే" అన్నాడు పూర్ణచంద్రరావు లోపలి నుంచి.

"మీరూరుకోండి." ఆమె మొహం ఎర్రబడింది. "నేను తెచ్చిన చేపలు. నేను కొన్న మేత. ఎంత పెట్టాలో నాకు చెప్పడానికి నువ్వెవరు? అసలు వాటిని కొన్నదే అందుకు."

"ఎందుకండి?"

"పోవడానికి."

మాట జారింది. పున్నయ్య మాస్టారు తుంచిన ఇడ్లీ చట్నీలోనే ఉండిపోయింది. "అదేంటమ్మాయ్," అన్నాడు, "ముద్దు కోసం పెంచుతున్నారనుకున్నా ఇన్నాళ్ళూ."

ఆయన వంక చూడకుండా దుర్గాదేవి చెయ్యి చాచింది. "డబ్బా ఇస్తావా, ఇవ్వవా? ఇవ్వనంటే రేపట్నించి పనిలోకి రామాకు."

తిరుపతమ్మకు కాళ్ళ కింద గట్టు మట్టి కదిలినట్టయింది. ఈ పని పోతే ఇంకోటి వెతుక్కోవాలి. లక్ష్మయ్య నడుం ఇదివరకటిలా లేదు. మనకెందుకే అన్న గొంతు చెవిలో వినపడుతూనే ఉంది. ఎదురుగా అద్దంలో తొమ్మిదీ వేళ కాకుండానే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంది.

"పనిలోంచి తీసేస్తే తీసెయ్యండి. అది మీ ఇష్టం. డబ్బా మాత్రం ఇవ్వను."

"ఇవ్వవా?"

"ఇవ్వనండి. తెలిసి తెలిసి నేను ఒకసారి ఊరుకున్నా. చెరువు చెరువే పోయింది. ఇంకోసారి ఊరుకోను. మీ లెక్కేంటి అమ్మగారూ, దిష్టి లాగడానికి ఒక ప్రాణం ఉండాల, అంతేగా? ఆ పని నాకప్పజెప్పండి."

"ఏ పని?"

"దిష్టి లాగే పని." ఆమె తొట్టికి వీపు ఆనించి నిలబడింది. "ఇవాళ్టి నుంచి ఈ హోటలు వంక ఏ కడుపుమంటోడు చూసినా అది నాకే తగలాల. ఎదురు హోటలోళ్ళది కూడా. వీళ్ళందరి ముందూ చెప్తన్నా. అవి వేలెడంత లేవు, వారానికోటి రాలిపోతన్నాయి. నేను పెద్ద చేపని. ఓ పాతికేళ్ళు వస్తా."

ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వమాకండి. నేను ఊరికే అనడం లేదు."

దుర్గాదేవి మొహంలో నెత్తురు చుక్క లేదు. చేప కోసమైతే రెండు చేతులూ జోడించగలదు. రోజూ తన ఎంగిలి ప్లేటు కడిగే మనిషి ఎదురుగా నిలబడి, నా మీదికి రానియ్యండి అంటుంటే, సరే రానియ్ అనడానికి నోరెలా వస్తుంది. అందునా ముప్పై మంది ఇడ్లీలు చేతిలో పట్టుకొని చూస్తుండగా.

"ఛీ, అవేం మాటలు పొద్దున్నే. నోరు కడుక్కో. నీకేమన్నా అయితే?"

"అయిననాడు మీ డబ్బా మీరు తీసుకోండి."

దుర్గాదేవి కౌంటరు ఎక్కి కూర్చుంది. రేపు రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పదింటికి తిరుపతమ్మ చిటికెడు మేత తీసి అందరికీ కనబడేలా తొట్టిలో వేసింది.

మర్నాడు అయిదింటికల్లా వచ్చి చీపురు పట్టుకుంది. దుర్గాదేవి హోటల్లో అడుగు పెడుతూనే ముందు చేపల వంక చూసేది కదా, ఇప్పుడు ముందు తిరుపతమ్మ వంక చూడడం మొదలుపెట్టింది. ఆమె తుమ్మితే ఉలిక్కిపడేది. కాలు జారితే కౌంటరు దిగొచ్చేది. తిన్నావా, పడుకున్నావా, గుండెల్లో ఏమన్నా పట్టేసినట్టుందా అని అడిగేది. రోజూ వచ్చేవాళ్ళకు అదొక వేడుకైపోయింది.

"ఏమ్మా, ఇంకా ఉన్నావా?" అనేవాడు పున్నయ్య మాస్టారు.

"ఉన్నానండి. మీ చూపులు చాలడం లేదు."

శ్రావణమాసంలో ముసురు పట్టింది. ఊళ్ళో ఇంటికొకరికి జ్వరం. తిరుపతమ్మకు కూడా తగిలింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, కీళ్ళు విరుస్తున్నట్టున్నాయి. లక్ష్మయ్య గోలీ మింగించి, "ఇవాళ్టికి పడుకోవే. చేపలు ఒక పూట లేకపోతే చస్తాయా?" అన్నాడు.

"లేకపోతే చావవు. వారం లేకపోయినా చావవు. నేను పడుకున్నానని తెలిస్తే ఆవిడ డబ్బాడూ ఒంపేస్తది, రేపటికి తొమ్మిదీ తేలతాయి. ఆటో పిలువు."

దుప్పటి కప్పుకొని, ఎర్రబడ్డ కళ్ళతో ఆమె హోటల్లోకి వచ్చేసరికి దుర్గాదేవి కూర్చున్నచోటే లేచి నిలబడింది.

"తగిలిందిగా. చెప్తే విన్నావా? తగిలింది."

"వాన జొరమండి. మా వీధంతా ఉంది."

దుర్గాదేవి ఆ మాట వినిపించుకోలేదు. ఆమెను చెయ్యి పట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, వంటింట్లోకి పరుగెత్తి రాళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట్లో పట్టుకొచ్చింది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. తిరుపతమ్మ తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. చిటపటమని పేలాయి. ఘాటు ఒక్కసారి హోటలంతా కమ్మేసింది. పూర్ణచంద్రరావు దగ్గాడు, బల్లల మీద వాళ్ళు ప్లేట్లు వదిలి బయటికి ఉరికారు, పున్నయ్య మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగా దిష్టి తగిలితే మిరపకాయలు ఎన్ని వేసినా ఘాటు రాదని దుర్గాదేవికి వాళ్ళమ్మ నేర్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆమె పొయ్యి వంక అలా చూస్తూ నిలబడింది.

"ఏం తేలిందండి?" అంది తిరుపతమ్మ దగ్గుతూనే.

"ఏమీ లేదు. ఉత్త జొరమే."

"నేను చెప్తే నమ్మరు. మిరపకాయ చెప్తే నమ్ముతారు."

దుర్గాదేవి లోపలికి పోయింది. పొగలు కక్కుతున్న ఇడ్లీలు నాలుగు, కారప్పొడి, నెయ్యి వేసి స్వయంగా తెచ్చి ఒళ్ళో పెట్టింది. తిరుపతమ్మ రెండు తిని ప్లేటు పక్కకు నెట్టింది. ఇంకొకటి తినమంటే వద్దంది. సగమైనా తినమంటే, "చాలమ్మగారూ, ఇంక పట్టదు" అంది. దుర్గాదేవి మిగిలిన రెంటి వంక చూసి ప్లేటు తీసేసింది.

గోడ గడియారం పది చూపించింది. తిరుపతమ్మ బొడ్లోంచి డబ్బా తీసింది. మూత తియ్యబోతే వేళ్ళు పట్టు దొరకలేదు, జ్వరానికి చెయ్యంతా అదురుతోంది. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకుంది. తర్వాత డబ్బాను యజమానురాలి వైపు చాచింది.

"మీరే వెయ్యండి. నేను చూస్తంటా."

దుర్గాదేవి నమ్మలేనట్టు డబ్బా అందుకుంది. మూత తీసి అలవాటుగా అయిదు వేళ్ళూ లోపలికి పోనిచ్చింది.

"రెండు వేళ్ళు" అంది తిరుపతమ్మ స్టూలు మీంచే.

మూడు వేళ్ళు వెనక్కి వచ్చాయి. పైకి తీసిన చిటికె చూపించింది. "ఇంతేనా?"

"సగం తీసెయ్యండి."

"తిరుపతమ్మా, తొమ్మిది నోళ్ళు."

"సగం."

దుర్గాదేవి పళ్ళు బిగపట్టి సగం డబ్బాలోకి రాల్చింది. వేలి కొసల మీద మిగిలిన కాస్త నీళ్ళ మీద పడింది. తొమ్మిదీ ఒక్కసారి ఎగబడ్డాయి. ఆమె ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు నీళ్ళ మీద ఒక్క గింజ లేదు. చేపలు ఆమె మొహానికి ఎదురుగా వచ్చి నోళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి నిలబడ్డాయి. ఆమె చెయ్యి మళ్ళీ డబ్బా దగ్గరికి పోయి ఆగింది.

"ఇంకా అడుగుతున్నాయే."

"అడుగుతాయండి" అంది తిరుపతమ్మ, దుప్పటి మెడ చుట్టూ బిగించుకుంటూ. "అడగనియ్యండి. మూత పెట్టండి."